భూమి కింద గ్యాస్, పైన ఎవరి పూచీ?

బిల్డర్ అపార్ట్‌మెంట్ కట్టి, ఫ్లాట్లన్నీ అమ్మేసి, ఒకరోజు అసోసియేషన్‌కి తాళాలిచ్చి వెళ్లిపోతాడు. ఆ తర్వాత సెల్లార్‌లో నీళ్లు ఊరితే బాధ్యత ఎవరిది? అమెరికాలో భూమి కింద కార్బన్ డయాక్సైడ్ దాచడం మీద ఉన్న చట్టాలు చదువుతుంటే నాకు ఈ ప్రశ్నే గుర్తొచ్చింది.

ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఫ్యాక్టరీ పొగలోంచి వేరు చేసిన గ్యాస్‌ని బాగా ఒత్తి, సుమారు 800 మీటర్ల కంటే లోతుకి పంపుతారు. అక్కడి ఒత్తిడికి అది దాదాపు ద్రవంలా చిక్కబడి, ఇసుకరాయి సందుల్లో ఉప్పునీటి మధ్య చేరుతుంది. పైనున్న గట్టి రాతిపొర మూతలా పనిచేస్తుంది. ఆ మూతలో పగులున్నా, పాత బావి ఏదైనా సరిగ్గా పూడ్చకపోయినా గ్యాస్ పైకెక్కి తాగునీటిని పాడుచేయొచ్చు. భయం అదే.

అందుకే అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2010లో ‘క్లాస్ 6’ బావుల నియమాలు తెచ్చింది. వాటికి తగ్గని చట్టం చేసుకున్న రాష్ట్రానికి పర్మిట్లిచ్చే అధికారం అప్పగిస్తుంది. 2018లో మొదట నార్త్ డకోటాకి, 2020లో వయోమింగ్‌కి అది దక్కింది.

అసలు విషయం పంపడం ఆపాక మొదలవుతుంది. ఫెడరల్ నియమం ప్రకారం మామూలుగా 50 ఏళ్లు కంపెనీయే కాపలా కాయాలి; ముప్పు లేదని నిరూపిస్తే ఆ గడువు తగ్గుతుంది. నార్త్ డకోటా చట్టంలో ఇంకో మెట్టుంది. కనీసం 10 ఏళ్లు గడిచాక, గ్యాస్ స్థిరంగా ఉందని చూపిస్తే సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో లోపలి గ్యాస్ రాష్ట్రం సొత్తవుతుంది, కంపెనీ పూచీ తీరిపోతుంది. తర్వాతి కాపలా ఖర్చుకి, కంపెనీలు టన్నుకింత అని ముందే కట్టిన నిధి ఉంటుంది.

ఇందులో న్యాయం లేకపోలేదు. కంపెనీలు మూతపడొచ్చు, రాష్ట్రం ఎక్కడికీ పోదు. పైగా పంపడం ఆపాక లోపలి ఒత్తిడి తగ్గుతూ వస్తుంది. కానీ నిధి చాలకపోతే? అప్పుడు జేబు తడుముకోవాల్సింది పన్ను కట్టే జనమే కదా.

ఇల్లినాయిస్‌లోని డికేటర్‌లో 2024లో బయటపడ్డ లీకు, నిఘా కోసం తవ్విన బావిలోనే జరిగింది. అంటే కాపలాకి పెట్టినదానికీ కాపలా కావాలి, దానికీ ఖర్చవుతుంది.

అందుకే ఇలాంటి చట్టం ఏది కనిపించినా నేనిప్పుడు ముందు రెండు విషయాలు వెతుకుతున్నాను: తాళాలు ఎన్నేళ్లకి చేతులు మారతాయి? వాటితో పాటు డబ్బెంత వస్తుంది?