రెండేళ్ల నర్సింగ్‌కు అప్పు చేయవచ్చా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. నాకు గ్రీన్‌కార్డు వచ్చింది. నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ చేయాలనుంది. కమ్యూనిటీ కాలేజీ అయితే 20 వేల డాలర్ల అప్పుతో అయిపోతుంది, కానీ సీటు కోసం ఆగాలి. ప్రైవేటు కాలేజీలో సీటు వెంటనే ఇస్తారట, అప్పు 60 వేలు. ఏది మేలు?

జవాబు: కమ్యూనిటీ కాలేజీయే మేలండీ. ఎక్కడ చదివినా రాయాల్సింది ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్షే, వచ్చేది ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సే. 6.39 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే 20 వేలకు నెలకు సుమారు 226 డాలర్లు, 60 వేలకు 678 డాలర్లు కట్టాలి. 2024లో అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. అందులో బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ) చదివినవారు, అనుభవజ్ఞులూ ఉన్నారు. కొత్తవారికి అంత రాకపోవచ్చు. పెద్ద ఆసుపత్రులు చాలావరకు బీఎస్ఎన్ అడుగుతాయి కాబట్టి తర్వాత అది చదివే ఖర్చూ లెక్కలో వేసుకోండి. కొన్ని ఆసుపత్రులు ఆ ఫీజులో కొంత భరిస్తాయి.

గ్రీన్‌కార్డు ఉంది కనుక ముందు ఫాఫ్సా (ఫెడరల్ విద్యార్థి సాయం దరఖాస్తు) నింపండి. దాని ద్వారా పెల్ గ్రాంటు అనే ఫెడరల్ సాయం వస్తే తిరిగి కట్టక్కర్లేదు. ప్రైవేటు కాలేజీకే వెళ్లాలనుకుంటే టెక్సాస్ నర్సింగ్ బోర్డు అనుమతి, ఎన్‌క్లెక్స్ ఉత్తీర్ణత శాతం చూడనిదే సంతకం చేయకండి. మొత్తం అప్పు మొదటి ఏడాది జీతంలో సగం దాటకుండా చూసుకోండి.