తేలికవాళ్ల బెల్ట్: క్రూయిజర్‌వెయిట్ టైటిల్ చరిత్ర

ట్రంప్ కార్డులు తెలియనివాళ్లు మన క్లాసులో ఎవరూ ఉండరనుకుంటాను. మనం ఆడకపోయినా అన్నో, చిన్నాన్న కొడుకో ఆడి ఉంటారు. కార్డు మీద రెజ్లర్ ఫోటో ఉంటుంది, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ కొలత ఉంటాయి. "వెయిట్" అని పిలిస్తే ఎవరి అంకె పెద్దదైతే వాళ్లదే ఆట. బిగ్ షో కార్డు చేతిలో పడితే పండగే. రే మిస్టీరియో కార్డు వస్తే మాత్రం ఎత్తు పిలవలేం, బరువు పిలవలేం. కానీ టీవీ ముందు కూర్చున్నప్పుడు అందరూ ఎవరికోసం ఎదురుచూసేవాళ్లు? ఆ మాస్కు వేసుకున్న చిన్న మనిషికోసమే.

కార్డులో ఓడిపోయే మనిషి ఆటలో ఎలా గెలిచాడు? అలాంటివాళ్లకోసం విడిగా ఒక టైటిల్ పెట్టారు. దాని పేరు క్రూయిజర్‌వెయిట్ ఛాంపియన్‌షిప్. ఆ టైటిల్ చరిత్ర చదివితే నాకు కుస్తీ కంటే పెద్ద ప్రశ్న ఒకటి కనిపించింది. విడిగా ఒక పీట వేస్తే, అది మనల్ని కూర్చోబెట్టడానికా, పక్కన పెట్టడానికా?

ముందుగా ఒక సందేహం

"అదంతా ఉత్తుత్తి కుస్తీ కదా, దానికి చరిత్ర ఏమిటి?" అని మీరు అడగొచ్చు. నిజమే. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీయే ఇది క్రీడ కాదు, వినోదం అని ఒప్పుకుంది.

అయితే మన పక్కనున్న చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాలు గుర్తు తెచ్చుకోండి. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడి వేషగాడు దుర్యోధనుడిని చంపుతాడు. ఫలితం అందరికీ తెలుసు. అయినా జనం విరగబడి వస్తారు. ఎవరికి ఏ వేషం ఇచ్చారు, ఎంతసేపు ఆడనిచ్చారు అన్నదే అక్కడ లెక్క. రెజ్లింగ్ బెల్ట్ కూడా ఒక వేషం లాంటిదే. అందుకే టైటిల్ చరిత్ర అంటే, ఎవరికి ఎంత చోటు ఇచ్చారన్న చరిత్ర.

మనవాళ్లలో వృత్తి మల్లులు

డబ్బుకోసం, ప్రదర్శనకోసం కుస్తీ పట్టడం మనకు కొత్త కాదు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో జెట్టీలను తెలుగు వృత్తి మల్లుల కులంగా పేర్కొన్నాడు. కన్నడంలో "జట్టి" అంటే మల్లుడు. మైసూరు దసరాలో విజయదశమి రోజు జంబూ సవారీకి ముందు, అరమనె ఆవరణలో జట్టీలు వజ్రముష్టి కాళగ చేస్తారు. చేతికి ముళ్లున్న ఆయుధం తొడుక్కుని తలపడతారు. ఎదుటివాడి తల మీద మొదటి రక్తపు చుక్క కనపడగానే పోటీ ఆపేస్తారు.

మా ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ నడుస్తాయి, వీధిలోకి వస్తే కన్నడం. ఒకే సామెత మూడింట్లోనూ వినిపిస్తుంది. కింద పడ్డా మీసానికి మన్ను అంటలేదని తెలుగులో అంటాం. తమిళంలోనూ మీసం, మన్నే. కన్నడంలో మాత్రం పడినవాడెవరో కూడా చెబుతారు: "జట్టి జారి బిద్దరూ మీసె మణ్ణాగలిల్ల." కుస్తీ మన భాషల్లో ఎంత లోతుగా దిగిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

బరువు తేడా గురించిన మాట కూడా మన సాహిత్యంలోనే ఉంది. భాగవతం దశమ స్కంధంలో కంసుడి రంగస్థలం మీద కొండల్లాంటి చాణూర ముష్టికుల ఎదుట బాలకృష్ణుడినీ బలరాముడినీ నిలబెడతారు. అప్పుడు ఇది అధర్మం, సమానం కానివాళ్ల పోరును సభ చూస్తూ కూర్చోవడం తప్పు అని అన్నది ఎవరు? రాజులు కాదు, పండితులు కాదు. చూడటానికి వచ్చిన మధుర ఆడవాళ్లు. వెయిట్ కేటగిరీ కావాలని మొదట అడిగింది స్త్రీలే అని నేనంటే మన మేడమ్‌లు ఒప్పుకుంటారో లేదో!

మెక్సికో, జపాన్ దారి

తేలికవాళ్లకు గౌరవం మొదట దక్కింది అమెరికాలో కాదు. మెక్సికోలో 1933లో సాల్వడార్ లుట్టెరోత్ స్థాపించిన కంపెనీ నేటికీ నడుస్తోంది. అక్కడి మల్లులు చాలామంది చిన్న ఒళ్లువాళ్లు. మాస్కులు వేసుకుని, తాళ్ల మీదనుంచి గాల్లోకి ఎగిరి దూకే శైలి అక్కడ బాగా పెరిగింది. బరువును బట్టి రకరకాల టైటిళ్లు కూడా అక్కడ ఉన్నాయి.

జపాన్‌లో 1981 ఏప్రిల్‌లో సతోరు సయామా అనే కుర్రవాడు పులి మాస్కుతో "టైగర్ మాస్క్"గా వచ్చాడు. అది అక్కడి పిల్లల బొమ్మల కథలోని పాత్ర. 1982 జనవరి 1న డైనమైట్ కిడ్‌ను ఓడించి జూనియర్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. వాళ్లిద్దరి వేగం చూశాక తేలికవాళ్ల కుస్తీ అంటే పెద్దవాళ్ల కుస్తీకి చిన్న నకలు కాదనీ, అది వేరే విద్య అనీ జనానికి అర్థమైంది. 1986 ఫిబ్రవరిలో అక్కడి న్యూ జపాన్ కంపెనీ 100 కిలోల లోపువాళ్లకు సొంతంగా ఒక టైటిల్ పెట్టింది. షిరో కోషినాకా దానికి మొదటి ఛాంపియన్. ఆ టైటిల్ ఇప్పటికీ ఉంది.

అమెరికాలో పుట్టుక

1996 మార్చి 20న జపాన్‌లోని నగోయాలో జరిగిన పోటీలో షింజిరో ఓటాని గెలిచి, అమెరికా కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ పెట్టిన కొత్త క్రూయిజర్‌వెయిట్ టైటిల్‌కు మొదటి ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడాది జులైలో రే మిస్టీరియో, డీన్ మాలెంకోను ఓడించి ఆ బెల్ట్ అందుకున్నాడు. అతని ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. 1997 అక్టోబరులో లాస్ వేగాస్‌లో రే, ఎడ్డీ గెరెరో ఆడిన ఆటలో ఒకవైపు బెల్టు, ఇంకోవైపు రే మాస్కు పందెం. రే గెలిచాడు. దాన్ని ఇప్పటికీ గొప్ప ఆటల్లో ఒకటిగా చెప్పుకుంటారు.

కానీ ఒక సంగతి గమనించాలి. షో మొదట్లో జనాన్ని లేపి కూర్చోబెట్టే పని వీళ్లది. చివర్లో పోస్టరు మీద బొమ్మ హల్క్ హోగన్ లాంటి పెద్దవాళ్లది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు కదా, కూత వినడానికి అందరూ వచ్చేవాళ్లు. గూడు మాత్రం మారలేదు. 2000 జనవరిలో ఎడ్డీ, మాలెంకో మరికొందరితో కలిసి పోటీ కంపెనీకి వెళ్లిపోయారు. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూనే అమ్ముడుపోయింది. బెల్ట్ కొత్త యజమాని చేతికి, అంటే నేటి డబ్ల్యూడబ్ల్యూఈకి చేరింది.

ఆడవాళ్ల చేతికి వచ్చినప్పుడు

ఈ టైటిల్ చరిత్రలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన భాగం ఇది. మగవాళ్లకోసం పెట్టిన ఈ బెల్ట్‌ను ముగ్గురు స్త్రీలు గెలిచారు.

మొదటి ఆమె మెడూసా. 1995 డిసెంబరులో ఆమె పాత కంపెనీ మహిళల ఛాంపియన్‌గా ఉంటూనే, ఆ బెల్ట్‌ను తెచ్చి పోటీ కంపెనీ టీవీ షోలో చెత్తబుట్టలో పడేశారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్లు ఆ కంపెనీలో మహిళల టైటిలే లేదు. అదే మెడూసా 1999 డిసెంబరు 19న ఎవాన్ కరాగియాస్‌ను ఓడించి క్రూయిజర్‌వెయిట్ ఛాంపియన్ అయ్యారు. 2000లో డాఫ్నీ, 2004 మేలో జాక్వెలిన్ కూడా గెలిచారు.

వినడానికి ఎంత బాగుంది! కానీ జాక్వెలిన్ కథ చివరిదాకా చదవండి. ఆమె చావో గెరెరోను ఓడించారు. రెండు వారాలు కూడా తిరగకుండా, మే 16న చావో ఒక చెయ్యి వెనక్కి కట్టేసుకుని ఆడి బెల్ట్ తిరిగి తీసుకున్నాడు. అంటే కథ రాసినవాళ్లు ఒక చేత్తో ఆడదానికి గెలుపు ఇచ్చి, ఇంకో చేత్తో తీసేసుకున్నారు. గెలవడం కూడా చావోను ఏడిపించడానికే రాసినట్టు ఉంది. పెద్ద బెల్ట్‌తో ఇలా చేస్తారా? చెయ్యరు. ఇది చిన్న బెల్ట్ కాబట్టి హాస్యానికి వాడుకున్నారు.

అయినా నేను ఆ గెలుపును కొట్టిపారెయ్యను. జాక్వెలిన్, మెడూసా ఇద్దరూ ఏళ్ల తరబడి మహిళల విభాగంలో పనిచేసిన నిపుణులు. కథ ఎలా రాసినా, జాబితాలో వాళ్ల పేర్లు ఉన్నాయి. ఎవరూ చెరపలేరు.

ఒకే రాత్రి, రెండు బెల్ట్‌లు

2007 జులైలో మన దేశానికి చెందిన గ్రేట్ ఖలీ వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఏడడుగుల పైన ఎత్తు ఉన్న మనిషి. జులై 22న గ్రేట్ అమెరికన్ బ్యాష్ అనే పోటీలో బటిస్టా, కేన్ ఇద్దరి మీద ఆ బెల్ట్ నిలబెట్టుకున్నాడు. అదే రాత్రి అక్కడే ఇంకోటి జరిగింది. నాలుగున్నర అడుగుల కంటే పొట్టిగా ఉండే హార్న్స్‌వాగల్ అనే హాస్యపాత్ర రింగు కిందనుంచి బయటికి వచ్చి, అప్పటికే అలసిపోయిన ఆటగాడి మీద దూకి క్రూయిజర్‌వెయిట్ టైటిల్ గెలిచాడు.

ఖలీ గెలుపు మన దేశమంతా గుర్తుంది. రెండోది ఎవరికీ గుర్తు లేదు. సెప్టెంబరులో హార్న్స్‌వాగల్ దగ్గరనుంచి బెల్ట్ తీసేసుకుని, టైటిల్‌నే రద్దు చేశారు. పదకొండేళ్ల చరిత్ర అలా ముగిసింది. పొట్టి మనిషి గెలవడం తప్పు కాదు. ఆ గెలుపును నవ్వులాటగా రాయడం, తర్వాత ఆ నవ్వులాటనే సాకుగా చూపి టైటిల్ తీసెయ్యడం, అదే నాకు నచ్చలేదు.

2016లో 32 మందితో మళ్లీ పోటీ పెట్టారు. కెనడాలో పుట్టిన పంజాబీ అన్నదమ్ములు హర్వ్, గర్వ్ సిహ్రాలు భారతదేశం పేరుతో అందులో ఆడారు. సెప్టెంబరు 14న టీజే పర్కిన్స్ గెలిచి కొత్త బెల్ట్ అందుకున్నాడు. ఈసారి పరిమితి 205 పౌండ్లు, అంటే సుమారు 93 కిలోలు. "205 లైవ్" అని విడిగా షో కూడా పెట్టారు. 2019లో టైటిల్‌ను ఎన్‌ఎక్స్‌టీ అనే చిన్న షోకు మార్చారు. 2022 జనవరి 4న కార్మెలో హేస్ దాన్ని ఇంకో టైటిల్‌తో కలిపేశాక, రెండోసారి కూడా కథ ముగిసింది.

నిజమైన కుస్తీ ఏమంటుంది?

ఇక్కడ ఒక్కసారి ఒలింపిక్స్ వైపు చూద్దాం. 1952లో హెల్సింకిలో కె.డి. జాధవ్ స్వతంత్ర భారతానికి మొదటి వ్యక్తిగత పతకం తెచ్చింది బాంటమ్‌వెయిట్‌లో, అంటే తేలిక విభాగంలో. మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 1994, 1995లలో వెయిట్ లిఫ్టింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కిలోల విభాగంలో. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో బాక్సింగ్ ప్రపంచ టైటిల్ గెలిచింది 52 కిలోల్లో. "చిన్న బరువులో గెలిచింది, కాబట్టి చిన్న ఛాంపియన్" అని ఎవరైనా అంటారా? పతకాల పట్టికలో 50 కిలోల బంగారం, 125 కిలోల బంగారం ఒకటే లెక్క.

అక్కడ తూకం కచ్చితం కూడా. 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగట్ 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు ఫైనల్ ఆడలేకపోయింది. మన గుండె పగిలింది. కానీ ఆ గీత తక్కువ బరువువాళ్లకు రక్షణ కోసం గీసింది. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గీత ఉంది గాని, దానితో పాటు మెట్టు కూడా పెట్టారు. తేలికవాళ్లు కింది మెట్టు, బరువైనవాళ్లు పై మెట్టు. తేడా అంతా అక్కడే ఉంది.

నాకు అర్థమైంది

ఎడ్డీ గెరెరో 2004 ఫిబ్రవరిలో బ్రాక్ లెస్నర్‌ను ఓడించి కంపెనీలో అతిపెద్ద టైటిల్ గెలిచాడు. రే మిస్టీరియో 2006 ఏప్రిల్‌లో రెసిల్‌మేనియాలో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఇద్దరూ క్రూయిజర్‌వెయిట్ పీట మీద పేరు తెచ్చుకున్నవాళ్లే. కాబట్టి విడిగా పీట వెయ్యడం తప్పు కాదు. ఆ పీట లేకపోతే వాళ్లకు మొదటి అవకాశమే దొరికేది కాదు. కానీ ఆ పీటకు తగినంత సమయం ఇవ్వాలి, దాన్ని నవ్వులాట చెయ్యకూడదు, అక్కడినుంచి ముందుకు వెళ్లే దారి మూసెయ్యకూడదు. ఈ మూడూ ఉన్నప్పుడు టైటిల్ వెలిగింది. ఒక్కటి తప్పినా ఆరిపోయింది.

మహిళా కళాశాల ఒక విడి పీట. కోలారు జిల్లాలో తెలుగు డిపార్ట్‌మెంట్ ఇంకో విడి పీట. "అదా, చిన్న సెక్షన్ కదా" అనే మాట మనం వింటూనే ఉంటాం. మన పీట ఎలాంటిదో తేల్చాల్సింది బయటివాళ్లు మాత్రమే కాదు. మనం ఈ గోడ పత్రికకు ఎంత సమయం ఇస్తున్నాం, ఇక్కడినుంచి ఎంత దూరం వెళ్తున్నాం అన్నది కూడా లెక్కే.

మీకు వేరే అభిప్రాయం ఉంటే ఒక చీటీ మీద రాసి ఈ వ్యాసం కిందే పిన్ చెయ్యండి. ముఖ్యంగా జాక్వెలిన్ గెలుపు గౌరవమా, హాస్యమా అన్నదాని మీద మీరేమంటారో చదవాలని ఉంది.

— రెండవ సంవత్సరం, బి.ఏ.