జీర్ణోద్ధరణ – ఫలక్‌నుమా సౌధం

చెరువు త్రవ్వించడం, వనం పెంచడం, దేవాలయం కట్టించడం, కృతిని అంకితం పొందడం వంటివి కన్నబిడ్డతో సమానంగా కర్త పేరును నిలుపుతాయని మన పూర్వులు భావించారు. వీటినే సప్తసంతానాలలో చేర్చి చెప్పారు. అయితే కట్టించినవాడు కాలగర్భంలో కలిసిపోయిన తరువాత ఆ కట్టడానికి దిక్కెవరు? ఈ ప్రశ్నకు పూర్వులు చెప్పిన సమాధానమే జీర్ణోద్ధరణ. శిథిలమైన దానిని తిరిగి నిలబెట్టడం అని దీని అర్థం. హైదరాబాదులోని ఫలక్‌నుమా సౌధ చరిత్ర ఈ మాటకు ఆధునిక వ్యాఖ్యానం వంటిది.

చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, నాటి నగరపు రద్దీకి ఎడంగా, ఒక గుట్టపై ఈ సౌధం వెలసింది. 'ఫలక్' అంటే ఆకాశం. 'నుమా' అంటే చూపునది, పోలినది. పైగా వంశీయుడైన సర్ వికారుల్ ఉమ్రా తన నివాసం కోసం 1884లో దీనికి శంకుస్థాపన చేశారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వద్ద ఆయన ప్రధానిగా పనిచేశారు. సౌధం ముందుభాగం ఐరోపా వాస్తురీతిలో, ఇటలీ పాలరాతితో శోభిల్లుతుంది. భోజనశాలలోని ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. గ్రంథాలయపు చెక్క పైకప్పుకు ఇంగ్లండులోని విండ్సర్ కోట ఆదర్శం.

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్న సామెత సంపన్నులకూ వర్తిస్తుంది. ఈ నిర్మాణం వికారుల్ ఉమ్రాను అప్పులపాలు చేసింది. 19వ శతాబ్దం ముగియకముందే సౌధం నిజాం వశమై, రాజ అతిథిగృహంగా మారింది. తరువాతి కాలంలో ఐదవ జార్జి చక్రవర్తి అయిన వేల్స్ యువరాజు 1906లో ఇక్కడ ఆతిథ్యం పొందాడు. 1911లో మహబూబ్ అలీఖాన్ ఇక్కడే కన్నుమూశారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ విడిది చేసిన తరువాత సౌధం చాలాకాలం మూతపడి ఉండిపోయింది.

మనుష్యసంచారం లేని ఇంటిని శత్రువులు ముట్టడించనక్కరలేదు. వాననీరు, చెదపురుగు, గోడ పగులులో మొలిచిన రావిమొక్క చాలు. 2000 సంవత్సరంలో తాజ్ హోటళ్ల సంస్థ చేపట్టిన పునరుద్ధరణకు పదేండ్లు పట్టింది. నిజాం వంశపు కోడలు ఎస్రా ఈ పనిని స్వయంగా పర్యవేక్షించారు. 2010 నవంబరులో సౌధం 60 గదుల హోటలుగా తెరుచుకుంది.

కట్టడానికి పట్టినంత కాలం బాగుచేయడానికీ పట్టడం ఆశ్చర్యంగా తోచవచ్చు. కాని పాతదానిని బాగుచేయడానికి బలం కన్న ఓర్పు ఎక్కువ కావాలి. సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకొని తిరిగి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలనే నిలిచి, లవణాలు పేరుకొని, గోడ పైపొర రాలిపోతుంది. మేలుచేయబోయి కీడు చేయడమంటే ఇదే. నేటి సౌఖ్యాలైన శీతల యంత్రాలు, విద్యుత్తు తీగలు, నీటి గొట్టాలు అమర్చేటప్పుడు కూడా ఒక నియమం పాటించాలి. రేపు వాటిని తొలగించినా పాత గోడకు గాయం మిగలకూడదు. 32 ఎకరాల ఆవరణలోని తోటలకూ పోషణ అవసరమే. గోడ కొంతకాలం ఉపేక్షను సహిస్తుంది; తోట ఒక్క వేసవిని కూడా సహించదు.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. హోటలుగా మారినందువల్ల సౌధానికి పోషణ లభించింది. సామాన్యునికి మాత్రం ప్రవేశం దుర్లభమైంది. ఇదే నగరంలోని చౌమహల్లా ప్రాసాదం వేరొక దారి త్రొక్కింది. పునరుద్ధరణ తరువాత అది ప్రదర్శనశాలగా మారి, టిక్కెట్టు కొన్న ప్రతివారినీ ఆహ్వానిస్తోంది. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాన్ని అందుకుంది. ఈ రెండు దారులూ దొరకని భవనాల గతి ఏమిటి? 1870 ప్రాంతంలో వెలసిన ఇర్రం మంజిల్‌ను పడగొట్టి శాసనసభా భవనం నిర్మించాలని తెలంగాణ ప్రభుత్వం సంకల్పించింది. ఆ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. పౌరులు న్యాయస్థానం తలుపు తట్టకపోతే ఆ కట్టడం నేడు ఛాయాచిత్రంగానే మిగిలేది.

కాబట్టి జీర్ణోద్ధరణ ధనవంతుల వేడుక మాత్రమే కాదు. సమాజం తన జ్ఞాపకశక్తిని కాపాడుకొనే ప్రయత్నం. ప్రతి ఊరిలో ఒక పాత లోగిలి, ఒక మెట్లబావి, ఒక సత్రం ఉంటాయి. వాటి కప్పుపై మొలిచిన రావిమొక్కను ఈ ఏడు పెరికివేయడానికి ఒక మనిషి చాలు. పదేండ్ల తరువాత ఆ కప్పును నిలబెట్టడానికి ఊరంతా కలిసినా చాలకపోవచ్చు.

కఠిన పదాలు – అర్థాలు
సౌధం = మేడ
ఉపేక్ష = పట్టించుకోకపోవడం
లోగిలి = ఇల్లు
దుర్లభం = పొందడం కష్టమైనది

ప్రశ్నలు
1. పాత గోడలకు సిమెంటు పూయడం వల్ల కలిగే హాని ఏమిటి?
2. ఫలక్‌నుమా, చౌమహల్లాలు అనుసరించిన మార్గాలను పోల్చి, మీ ఊరి పాత కట్టడానికి ఏది తగినదో సకారణంగా వ్రాయండి.