ఇంటి మాట - పిల్లల వ్రాత

వ్రాత అనగానే మన పిల్లలకు మొదట స్ఫురించేది పరీక్ష. ఆనందం కాదు. ఆవును గూర్చి వ్యాసం వ్రాయమంటే "ఆవు సాధుజంతువు" అని ఆరంభిస్తారు. ఆ వాక్యం వ్రాసిన బాలుడు ఆవును చూచి వ్రాయలేదు, గైడును చూచి వ్రాశాడు. అదే బాలుడు బక్రీదుకు పది రోజుల ముందు ఇంటికి వచ్చిన పొట్టేలుకు తన చేతితో ఆకు మేపి, దానికొక పేరు పెట్టి, రాత్రి దాని ప్రక్కనే పడుకుంటానని మారాం చేసి ఉంటాడు. ఆ పొట్టేలును గూర్చి చెప్పమంటే గంటసేపు చెబుతాడు. చివరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది కూడా. కాని అది వ్రాయదగిన విషయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇది అందరి పిల్లలకూ వర్తించేదే అయినా, మన ఇండ్లలో దీనికి మరొక చిక్కు తోడైంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. నానీ చెప్పే కహానీ ఒక భాషలో, నోటుపుస్తకం మరొక భాషలో. ఈ రెంటి మధ్య తలుపు మూసి ఉన్నంత కాలం తెలుగు ఆ పిల్లలకు పాసు మార్కుల సబ్జెక్టుగానే మిగిలిపోతుంది. ఉర్దూ లిపి నేర్చుకొనే అవకాశం లేనివారు ఆ భాషలోనూ వ్రాయరు. రెండు భాషలు విని పెరిగిన బిడ్డ ఏ భాషలోనూ తన సొంత వాక్యం ఒక్కటి వ్రాయకుండానే పెద్దవాడవుతాడు. "మీ వీధిని గూర్చి పది వాక్యాలు వ్రాయండి" అంటే కలం ఆగిపోయే విద్యార్థులను ప్రతి సంవత్సరం తరగతిలో చూస్తున్నాను. తెలివి లేక కాదు. ఆ అలవాటు ఇంట్లో మొదలు కాలేదు.

న్యూజిలాండులో మావోరీ పిల్లలకు పాఠాలు చెప్పిన సిల్వియా యాష్టన్ వార్నర్ అనే ఉపాధ్యాయిని 1963లో వెలువడిన 'టీచర్' అనే గ్రంథంలో తన పద్ధతిని వివరించింది. ఆ పిల్లల ఇంటి బ్రతుకు వేరు, వాచకంలోని బ్రతుకు వేరు. అందుచేత ఆమె వాచకాన్ని ప్రక్కకు పెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి, నీకు ఏ మాట కావాలని అడిగేది. కోరిన మాటను అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో వ్రాసి వారి చేతికే ఇచ్చేది. పిల్లలు కోరిన వాటిలో భయానికి, ప్రేమకు సంబంధించిన మాటలే ముఖ్యమైనవి. వాచకంలోని పొడి మాటలను నెలల తరబడి వల్లించినా పట్టుకోలేని బాలుడు 'దయ్యం' అనే మాటను ఇట్టే నేర్చుకొన్నాడు. అటువంటి మాటల నుండే తర్వాత వారి చిన్న చిన్న కథలు పుట్టాయి. మన ఇంట్లోనూ దీనికి ఖర్చు లేదు. పెండ్లి పిలుపు కార్డుల వెనుక ఉండే తెల్లని భాగం చాలు.

తల్లికి తెలుగు లిపి రాదు కదా, ఆమె చేయగల సహాయమేమిటి అని కొందరు అడుగుతారు. వ్రాసినది బిడ్డ చదివి వినిపిస్తుంటే పని ఆపి విని, "ఫిర్ క్యా హువా?" అని ఒక్క ప్రశ్న వేయగల తల్లి కంటె మంచి పాఠకురాలు ఎవరు? ఆ ప్రశ్నే మరునాటి పేజీని వ్రాయిస్తుంది. తెలుగు వాక్యం నడుమ ఖాలా, దాదీ, దస్తర్‌ఖాన్ వస్తే రానివ్వాలి. ముస్లిం ఇంటి మాట తెలుగు కథలో ఎంత చక్కగా ఒదుగుతుందో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అంతకు చాలా ముందే పిఠాపురంలో ఉమర్ అలీషా (1885-1945) తెలుగులో పద్యకావ్యాలు, నాటకాలు రచించారు. తెలుగు మనం అరువు తెచ్చుకొన్న భాష కాదు.

ఇక తప్పుల సంగతి. ఉర్దూలో ళకారం లేదు. కనుక మన పిల్లలలో కొందరు "అమ్మీ కళ్ళు ఎర్రబడ్డాయి" అనడానికి "అమ్మీ కల్లు ఎర్రబడ్డాయి" అని వ్రాస్తారు. పెద్దలకు నవ్వు వస్తుంది, నిజమే. కాని బిడ్డ ఆ వాక్యంలో చెప్పినది తల్లి ఏడ్చిందని. ముందు ఆ మాటకు జవాబు చెప్పాలి. కథ పూర్తయి, శుభ్రంగా తిరిగి వ్రాసుకొనే వేళ, కల్లుకూ కళ్ళకూ గల భేదాన్ని నెమ్మదిగా చెప్పవచ్చు. ఒక పూట ఒక్క తప్పు చాలు. ఎర్రసిరా ఇంట్లో ఉండనక్కరలేదు.

ఏమి వ్రాయించాలి అన్నది అంత కష్టమైన ప్రశ్న కాదు. 1947లో ఆరంభమై దశాబ్దాల పాటు వెలువడిన 'చందమామ'లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు ప్రకటించి, వాటికి జంటగా అమరే చిన్న వ్యాఖ్యలను కార్డు మీద వ్రాసి పంపమనేవారు. పాత పత్రికల బొమ్మలతో ఆ ఆట ఇంట్లో ఆడవచ్చు. ఇక్బాల్ 'బాంగె దరా' (1924)లో పిల్లల కోసం చెప్పిన సాలీడు, ఈగల కవితను ఇంట్లో ఎవరైనా చదివి వినిపిస్తే, గోడమీది బల్లి, చీమ ఏమి మాట్లాడుకొంటాయో బిడ్డను తెలుగులో వ్రాయమనవచ్చు. పొడుపుకథలు కట్టించడం మరీ తేలిక. "పట్టాలు లేవు, పెట్టెలు లేవు, వంటింట్లో రైలుకూత" అంటే కుక్కరు అని ఇల్లంతా చెప్పేస్తుంది, మరొకటి కట్టమంటుంది. తండ్రి గల్ఫ్ దేశంలో ఉన్న ఇండ్లలో ఉత్తరమున్నది. ఫోనులో రోజూ మాట్లాడుకొంటున్నా, కాగితం మీద వ్రాసి ఆ కాగితం ఫోటో పంపితే, ఫోనులో చెప్పలేనివి కూడా అందులోకి వస్తాయి.

ఈ పనికి అందరికంటె తగినవారు మన కళాశాల విద్యార్థులే. మీ ఇంటి తమ్మునికీ చెల్లెలికీ మీరు మాస్టారు కంటె దగ్గర, తల్లిదండ్రులకంటె చనువు. రాత్రి భోజనమైన తర్వాత పావుగంట కేటాయించండి. కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. వచ్చే సంచికలో ఉర్దూ భాగంలో రెండు పేజీలు, తెలుగు భాగంలో రెండు పేజీలు మన విద్యార్థుల ఇండ్లలోని చిన్నపిల్లల వ్రాతలకు ఇప్పించండి. వాటిని సేకరించి, ముద్రణకు సిద్ధం చేసే బాధ్యత తెలుగు శాఖ తరఫున నేను వహిస్తాను. పొట్టేలు కథ వస్తే దానికి మొదటి పేజీ.