మొక్కజొన్న ధర పెరుగునన్నప్పుడు కోళ్ళ రైతు వేయవలసిన లెక్క

గుడ్లకోళ్ళ పెంపకములో ఖర్చు అధికభాగము దాణాకే అగును. ఆ దాణాలో సుమారు సగము మొక్కజొన్నయే. 2023-24 నుండి ఇథనాలు తయారీకి కూడ ఈ గింజ విరివిగా పోవుచుండుటచే మార్కెట్టులో పోటీ పెరిగినది. ధర పెరుగునని వినగానే అప్పు చేసి కొట్టు నింపువారు కొందరు. ఏ వారము సరకు ఆ వారమే కొని, ధర హెచ్చినప్పుడు చిక్కుపడువారు మరికొందరు. ఈ రెండు పద్ధతులును నష్టకరములే. కొనుటకు ముందు కాగితముపై లెక్క వేసికొనవలెను.

అవసరమెంత?

గ్రుడ్లు పెట్టు కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తినును. 1,000 కోళ్ళకు 110 కిలోలు. అందు మొక్కజొన్న 55 కిలోలు. అనగా నెలకు 16.5 క్వింటాళ్ళు, నాలుగు నెలలకు 66 క్వింటాళ్ళు. ఇంతకు మించి కొనుట కోళ్ళ పెంపకము కాదు, గింజల వ్యాపారము.

తేమను చూచి ధర కట్టుడు

కోత కాలములో ధర తగ్గుట సహజమే గాని, అప్పటి గింజలో తేమ హెచ్చు. 18 శాతము తేమగల క్వింటాలు గింజను 12 శాతమునకు ఆరబెట్టినచో 93 కిలోలే మిగులును. క్వింటాలు 2,400 రూపాయలకు కొన్నామనుకొన్నను, ఆరిన గింజ మనకు సుమారు 2,575 రూపాయలు పడినట్లే. కావున తేమ కొలిచే మీటరుతో చూపించుకొని బేరమాడవలెను.

నిలువకు ఎంత ఖర్చు?

బాగుగా ఆరిన గింజనే 2,400కు కొని, నాలుగు నెలల తరువాత వాడుదుమనుకొందము. నూటికి నెలకు 1 రూపాయి చొప్పున వడ్డీ 96 రూపాయలు. పురుగు, ఎలుకల వలన 2 శాతము తరుగు 48. సంచులు, కూలి, అద్దె 36. మొత్తము 180. నాలుగు నెలల తరువాత ధర 2,580 దాటునని నమ్మకమున్ననే నిలువ లాభించును. మీ ఊరి వడ్డీ, అద్దెలు వేసి ఈ లెక్కను మీరే సరిచూచుకొనుడు.

ఎట్లు కొనవలెను?

1. కావలసిన 66 క్వింటాళ్ళను మూడు విడతలుగా, విడతకు 22 క్వింటాళ్ళ చొప్పున కొనుడు. ధర పెరిగినచో మొదటి విడత ఆదుకొనును. తగ్గినచో తరువాతి విడతలు చవుకగా వచ్చును.

2. సరకు చేరుటకు 7 రోజులు పట్టునేని, మరి 8 రోజుల తిండి అదనముగా ఉంచుకొనుడు. నిలువ 8 క్వింటాళ్ళకు దిగగానే మరల పురమాయింపవలెను.

3. తవుడు, చేపపొడి, విటమినుల మిశ్రమము త్వరగా చెడును. ధర పెరుగునన్నను వీనిని ఎక్కువగా కొని ఉంచరాదు. సున్నపురాతి పలుకులు తడి తగులకున్న చెడవు.

నిలువలో జాగ్రత్త

బస్తాలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడకు అడుగున్నర ఎడముగా పేర్చుడు. ముందు వచ్చిన బస్తాను ముందు వాడుడు. వారమునకొకసారి బస్తాలో చేయి పెట్టి చూడుడు. వేడిగా ఉన్నను, ముక్కవాసన వచ్చినను వెంటనే విప్పి ఆరబోయవలెను. బూజు వలన పుట్టు అఫ్లాటాక్సిను అను విషము, గింజను ఎండబెట్టినను పూర్తిగా పోదు. అట్టి గింజ తిన్న కోళ్ళకు కాలేయము చెడి, గ్రుడ్లు తగ్గును. క్వింటాలుకు వంద రూపాయలు కలిసివచ్చినదని అట్టి దాణా పెట్టినచో మందకే ముప్పు.

ధర ఎటు పోవునో ముందుగా ఎవ్వరును ఖాయముగా చెప్పజాలరు. అవసరము, తేమ, వడ్డీ, తరుగు మాత్రము రైతు లెక్కకు అందునవి. ఈ నాలుగింటిని వ్రాసికొనిన తరువాతనే బయానా ఇయ్యవలెను.