వీధికి చేరవలసిన మాట: వార్డు సభ్యుల కర్తవ్యము

గ్రామపంచాయతీ తీర్మానముల పుస్తకములో ఒక విషయము ఎక్కినంత మాత్రమున అది ఊరికి తెలిసినట్లు కాదు. ట్యాంకు కడుగుటకై గురువారము నాడు నీరు వదలరాదని పంచాయతీ నిర్ణయించును. కార్యదర్శి వ్రాసికొనును, సర్పంచి సంతకము చేయును, నీళ్ల ఉద్యోగి వాల్వు మూసివేయును. గురువారము తెల్లవారకముందే బిందెలతో కుళాయి వద్దకు వచ్చిన స్త్రీలు ఎనిమిది గంటల వరకు వేచి, పంచాయతీని తిట్టుకొనుచు ఇండ్లకు పోవుదురు. జరిగిన పని మంచిదే, వారి ఆరోగ్యము కొరకే జరిగినది. ముందునాటి సాయంకాలము ఆ వీధికి ఒక్క మాట అంది యున్నచో బిందెలు నిండి యుండెడివి, తిట్లు తప్పి యుండెడివి.

ప్రభుత్వపు మాటను గ్రామములకు చేర్చుట మా ఉద్యోగము. ఆ పని మీద ఊళ్లు తిరిగిన మేము గమనించినది ఏమనగా, జిల్లా కేంద్రము నుండి ఊరికి కబురు చేరుట నేడు కష్టము కాదు. పంచాయతీ కార్యాలయము నుండి ఊరి చివరి వాడకు చేరుటయే కష్టము. ఆ అర మైలు దూరము వార్డు సభ్యులది. ఊరివారు మిమ్ములను ‘మెంబరు’ అని పిలుచుచున్నారు. చాలమంది మెంబర్లు కబురు చెప్పుట కార్యదర్శి పని యనియో, ఇంకను క్రింది ఉద్యోగి పని యనియో తలచుచున్నారు. అది సరికాదని చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

1959 అక్టోబరులో షాద్‌నగరున జవహర్‌లాల్ నెహ్రూ మన ప్రాంతములో పంచాయతీరాజ్యమును ప్రారంభించిన కాలమున, ఊరికి కబురు చెప్పు సాధనములు మిక్కిలి కొద్ది. తప్పెట చాటింపు, రచ్చబండ, కొన్ని చోట్ల పంచాయతీ కార్యాలయములోని రేడియో. చాటింపునకు ఒక గొప్ప గుణము ఉండెను. చదువు రానివానికి, కన్ను కనిపించనివానికి కూడ అది అందెడిది. దోషము కూడ ఉండెను. తప్పెట వాయించువాడు నడచిన వీధికే మాట చేరెడిది, నడవని వాడకు చేరెడిది కాదు. ఆ పని చేసినవారికి తగిన కూలి ఇచ్చిన ఊళ్లు ఎన్నియో లెక్కించిన అది మన గౌరవమును పెంచదు.

నేడు తప్పెట స్థానమున వాట్సాప్ గ్రూపు వచ్చినది. సంతోషమే. అయితే ఆ గ్రూపులో ఎవరు ఉన్నారో మెంబర్లు ఒకసారి చూడవలెను. ఇంటికి ఒక ఫోను ఉన్నచో అది సాధారణముగా మగవాని జేబులో ఉండును. నీటి కబురు ఎవరికి కావలెనో వారికి అది అందదు. పింఛను తీసికొను ముసలమ్మకు, రెండు నెలలకై వలస వచ్చిన ఇటుకబట్టీ కుటుంబమునకు గ్రూపు ఉన్న సంగతియే తెలియదు. గ్రూపులో పెట్టితిమి కనుక చెప్పితిమి అనుట, తపాలా పెట్టెలో వేసితిని కనుక ఉత్తరము చేరినది అనుట వంటిది.

సమాచారము చెప్పుట మర్యాద కొరకు చేయు పని కూడ కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాల్గవ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ సంస్థయు, ఎవరును అడుగకముందే, తన పనుల వివరములను ప్రజలకు తెలియజేయవలెను. నోటీసు బోర్డులు, బహిరంగ ప్రకటనలు మున్నగు సాధనములను, స్థానిక భాషను చట్టమే ప్రస్తావించినది. గ్రామపంచాయతీ ఇందుకు మినహాయింపు కాదు.

అన్నిటికంటె ముందు చేరవలసినది ఆపద కబురు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడెను. తుఫాను వచ్చుచున్నదను హెచ్చరిక అంతకు ముందే వెలువడి యుండెను. కాని తీరములోని గుడిసెలకు అది నమ్మదగిన మాటగా, కదలి పోవుటకు చాలినంత వ్యవధితో చేరలేదు. సుమారు పదివేల మంది ప్రాణములు కోల్పోయిరి. అంతకు మించిన లెక్కలు చెప్పువారును కలరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటునప్పటికి ఒడిశాలోను, ఆంధ్రప్రదేశ్ ఉత్తర తీరములోను కలిపి సుమారు పదిలక్షల మంది ఇండ్లు వదలి సురక్షిత స్థలములకు చేరి యుండిరి. ప్రాణనష్టము పదులలో నిలిచినది. ఉపగ్రహములు, రాడార్లు, తుఫాను భవనములు ఈ మార్పునకు కారణములే. అయినను గడప గడపకు పోయి, తలుపు తట్టి, “లేవండి, పోదాం” అనిన మనుష్యులు లేనిచో ఆ భవనములు ఖాళీగానే ఉండెడివి. ఎవరు తట్టిరి అనునది కూడ ముఖ్యమే. ముఖ పరిచయము లేని అధికారి చెప్పిన మాటకు ముసలివారు మంచము దిగరు. పక్కింటి మనుమడు చెప్పినచో దిగుదురు.

కావున ప్రతి మెంబరు వద్దను తన వార్డుకు ఒక చిన్న పుస్తకము ఉండవలెను. నడవలేని వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు, వినికిడి లేనివారు, ఒంటరిగా నివసించువారు ఎవరెవరు ఏ ఇంటిలో ఉన్నారో అందులో వ్రాసి, ఒక్కొక్క పేరు ఎదుట వారికి కబురు చెప్పవలసిన ఇరుగుపొరుగు వారి పేరు వ్రాసికొనవలెను. ఆ ఇరుగుపొరుగు వారికి ఈ సంగతి ముందుగా చెప్పి ఒప్పించవలెనని వేరుగ వ్రాయనక్కరలేదు గాని, కొన్ని ఊళ్లలో మేము చూచిన జాబితాలను బట్టి వ్రాయకతప్పుట లేదు.

సముద్రము లేని ఊళ్లకు ఆపదలు లేవని కాదు. పిడుగు హెచ్చరికలు నేడు ఫోనులకు వచ్చుచున్నవి. పూణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ ‘దామిని’ అను ఫోను సాధనమును అందించినది. కాని నాట్లు వేయుచున్న కూలీల ఫోనులు గట్టు మీద సంచులలో ఉండును. మేఘము క్రమ్మిన వెంటనే ముఠా మేస్త్రీకి కబురు పంపి, చెట్టు క్రిందికి గాక పక్కా కప్పు క్రిందికి పొమ్మని చెప్పించుట మెంబరు చేయగల పని. తెగిపడిన కరెంటు తీగను ఎవరును తాకకుండ ఒక మనిషిని కాపలా నిలిపి, లైన్‌మనుకు కబురు చేయుట మరియొకటి. 112, 108, 101 అను మూడు నంబర్లు ప్రతి వీధిలో ఒక గోడపై పెద్ద అక్షరములతో ఉండవలెను. వానితో పాటు లైన్‌మను నంబరు ఉన్నచో ఇంకను మేలు, ఎందుకనగా ఊరికి అన్నిటికంటె తరచుగా కావలసినది అదియే.

బోరుబావుల సంగతి కొంచెము విడమరచి చెప్పవలసి యున్నది. నీరు పడని బోరును మూత లేక విడిచిపెట్టుట వలన పసిబిడ్డలు పడిపోవుట మన రాష్ట్రములలో పలుమారులు జరిగినది. 2017 జూన్‌లో చేవెళ్ల మండలములో పడిన పసిపాపను బ్రతికించుటకు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. అప్పటికి ఏడేండ్ల ముందే, 2010లో, సుప్రీంకోర్టు ఈ విషయమై స్పష్టమైన ఆదేశములు ఇచ్చి యున్నది. బోరు వేయదలచిన భూమి యజమాని 15 రోజులు ముందుగా కలెక్టరు, సర్పంచి మున్నగు అధికారులకు వ్రాతమూలకముగా తెలుపవలెను. పని జరుగు చోట యజమాని పేరు, డ్రిల్లింగు సంస్థ పేరు తెలుపు బోర్డు ఉండవలెను. చుట్టును కంచె వేయవలెను. గొట్టము చుట్టు సిమెంటు దిమ్మె కట్టి, దృఢమైన ఇనుప మూత బిగించవలెను. మోటారు మరమ్మతునకు తీసినపుడు కూడ బోరును తెరచి ఉంచరాదు. పనికిరాని బోరును అడుగు నుండి నేలమట్టము వరకు మట్టితోను, ఇసుకతోను, రాళ్లతోను పూడ్చివేయవలెను. గ్రామములలో ఇది అమలగుచున్నదో లేదో చూడవలసిన బాధ్యత సర్పంచిపైనను, వ్యవసాయశాఖ అధికారిపైనను పెట్టబడినది. కాని తన వార్డులో ఏ పొలములో ఎండిన బోరు ఉన్నదో సర్పంచి కంటె ముందు తెలియునది మెంబరునకే. గోనెసంచి కప్పి రాయి పెట్టిన బోరు మూసిన బోరు కాదు.

ఇక ప్రణాళిక. రాజ్యాంగము 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. గ్రామాభివృద్ధి ప్రణాళికను గ్రామసభలో చర్చించి తయారు చేయవలెను. ఇదంతయు మెంబర్లు శిక్షణ తరగతులలో వినియే యుందురు. వీధిలోని మనిషి మాత్రము ఇవి యేవియు అడుగడు. “ఏమయ్యా మెంబరూ, మా కాలువ ఎప్పుడు కడతారు?” అని ఒక్కటే అడుగును. ఆ ప్రశ్నకు నిజమైన సమాధానము మెంబరు వద్ద ఉండవలెను. అది ‘చూద్దాం’ కారాదు.

ఒక వార్డు నుండి పండ్రెండు కోరికలు వచ్చినవని, అందులో రెండు ప్రణాళికలో చేరినవని అనుకొందము. చేరిన రెండింటి గురించి అందరును చెప్పుదురు. చేరని పదింటి గురించి ఎవరును నోరు విప్పరు. అనుమానములు పుట్టునది అక్కడనే. 15వ ఆర్థికసంఘము 2021-26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులలో 60 శాతమును త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు మాత్రమే ఖర్చుపెట్టవలెనని నిర్ణయించినది. మిగిలిన 40 శాతము స్థానిక అవసరములకు వాడుకొనవచ్చును గాని, జీతములకు వాడరాదు. ఈ నియమము తెలియని ఊరు, ఖాతాలో డబ్బు ఉండగా కమ్యూనిటీ హాలు ఎందుకు కట్టలేదని అడుగును. చెప్పనందువలననే నిజాయితీపరులైన మెంబర్లు కూడ దొంగలనిపించుకొన్న ఊళ్లు కలవు. కాదన్న కోరికను, ఏ కారణముచే కాదన్నారో, తిరిగి ఎప్పుడు పరిశీలింతురో, అడిగిన వారి ఇంటికి పోయి చెప్పుటకు ధైర్యము కావలెను. చేసిన పనులు చెప్పుకొనుటకు అది అక్కరలేదు.

తెలంగాణ 2018 నాటి చట్టము రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరుపవలెనని చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్ 1994 నాటి చట్టము ఏడాదికి కనీసము రెండు సభలను విధించినది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీలలో ఒకే నాడు గ్రామసభలు జరిగినవి. సభకు వచ్చినవారు విందురు. నాట్ల దినములలో పగలు పదకొండు గంటలకు సభ పెట్టినచో రాలేని కూలీలు ఏమి విందురు? సభ ముగిసిన వారములోగా మెంబరు తన వార్డులో, చీకటి పడిన తరువాత, పనులనుండి వచ్చిన వారిని కూర్చుండబెట్టి అరగంట సేపు నిర్ణయములు చదివి వినిపింపవలెను. మైకు అక్కరలేదు. మైకు ఉన్నచోట మెంబరే మాటలాడును, ప్రజలు విందురు. మైకు లేనిచోట వారును మాటలాడుదురు.

స్త్రీలు మెంబర్లుగా ఉన్న వార్డులలో ఈ పని మరింత బాగుగ జరుగవలెను, ఎందుకనగా పొదుపు సంఘముల సమావేశములు వారికి సిద్ధముగ ఉన్న వేదికలు. రెండు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవి. ఎన్నికైన సోదరి ఇంటిలో ఉండగా భర్త వచ్చి “నేనే మెంబరును” అని సభలో కూర్చుండుట మేము చూచుచునే యున్నాము. ఆయనకు పొదుపు సంఘములో చోటు లేదు. కబురు అక్కడికి పోదు.

ఊరి జీవితమునకు సంబంధించిన చిన్న వార్తలను చిన్నచూపు చూడరాదు. టీకాల దినము, బడిలో చేర్చుకొను గడువు, జాతర నాటి బండ్ల దారి, 21 రోజులలోగా జనన మరణములను నమోదు చేయించుకొనవలెనను నియమము, ఎవరిదో తప్పిపోయిన గేదె, ఇవన్నియు వీధికి కావలసిన కబుర్లే. గేదె కబురు చెప్పిన మెంబరు మాటను పన్ను కబురు చెప్పినపుడు కూడ విందురు. కాని ఒక హద్దు కలదు. ఎవరికి ఏ జబ్బు వచ్చినదో, ఏ ఇంటిలో తగవు జరిగినదో ప్రకటించు హక్కు ఎవరికిని లేదు.

సరియైన కబురు లేనిచోట పుకారు నిండును. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో వ్యాపించిన అబద్ధము వలన తెలుగు రాష్ట్రములలో అమాయకులు దెబ్బలు తినిరి, కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ కాలమున జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు గ్రామమునకొక పోలీసును కేటాయించి, ఇంటింటికి తిరిగి, జానపద కళాకారుల పాటలతోను, చాటింపుతోను ఆ పుకార్లను ఖండించిరి. ఫోను పుట్టించిన భయమును పాత తప్పెటయే పోగొట్టెను. ఇటువంటి వార్త చేరినపుడు మెంబరు దానిని ఇతరులకు పంపక, పోలీసు స్టేషనుకు ఫోను చేసి, నిజము తెలిసికొని, ఆ నిజమునే అదే గ్రూపులో పెట్టవలెను. అపరిచితుని చుట్టు జనము మూగినచో 112కు ఫోను చేసి, పోలీసులు వచ్చు వరకు అతని పక్కన నిలువవలెను.

ప్రకటన భాష గురించి ఒక మాట. కార్యాలయ భాషలో వ్రాయవద్దు. ఈ వ్యాసము భాషలో కూడ వద్దు. మొదట చెప్పిన ట్యాంకు సంగతినే తీసికొన్నచో, ఇంత చాలును: “మూడో వార్డు వారికి. గురువారం పొద్దున నీళ్లు రావు. ట్యాంకు కడుగుతున్నాం. బుధవారం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా నీళ్లు వదులుతాం, పట్టి పెట్టుకోండి. శుక్రవారం మామూలే. ఇట్లు, మీ మెంబరు.” ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎవరిని అడుగవలెను అన్నవి అన్నియు ఇందులో ఉన్నవి.

నల్లబోర్డును పంచాయతీ కార్యాలయములోపల గాక, టీ హోటలు వద్దనో, రేషను దుకాణము వద్దనో, బోరింగు వద్దనో పెట్టవలెను. ప్రతి ప్రకటనకు తేదీ వేయవలెను. గత సంక్రాంతి కబురు ఉగాది వరకు వ్రేలాడు బోర్డును ఎవరును చదువరు. కాలువ పని మొదలైన నాడు మంజూరైన మొత్తమును ఆ బోర్డుపై వ్రాసినచో, పని ముగిసిన నాడు ఖర్చయిన మొత్తమును దాని క్రిందనే వ్రాసి, వారము రోజులు చెరపక ఉంచవలెను.