బొమ్మలో గుర్రం ఎక్కడుంది?

బుజ్జితల్లీ,

నీ ఉత్తరం అందింది. కాలేజీలో మీ వాళ్ల మధ్య నడుస్తున్న వాదన నాకు చాలా నచ్చింది. వర్చువల్ అంటే కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్‌లో కనిపించేది మాత్రమేననీ, కాగితం మీది బొమ్మకు ఆ మాట వర్తించదనీ ఒకరు. అసలు బొమ్మంటేనే అబద్ధం, లేనిదాన్ని ఉన్నట్టు చూపడమే కదా అని ఇంకొకరు. ఈ రెండు మాటలూ నాకు సమ్మతం కావు. బొమ్మలు వెయ్యడమే వృత్తిగా పెట్టుకోబోతున్నదానివి కాబట్టి ఈ సంగతి ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. బొమ్మ అంటే ఏమిటనుకుంటున్నావో, రేపు నీ కుంచె అటే పోతుంది.

మీ అలంకారశాస్త్రం క్లాసులో చిత్రతురగ న్యాయం అనే మాట వచ్చిందో లేదో. రాకపోతే నా దగ్గర నేర్చుకో. శ్రీశంకుకుడనే పండితుడు చెప్పిన ఉపపత్తి అది. ఆయన గ్రంథం మనకు దక్కలేదు. అభినవగుప్తుడి అభినవభారతిలోనూ, మమ్మటుడి కావ్యప్రకాశంలోనూ ఆయన అభిప్రాయాలు నిలిచి ఉన్నాయి. వేదిక మీద నటుణ్ణి రాముడిగా చూస్తున్నప్పుడు ప్రేక్షకుడికి కలిగే జ్ఞానం ఎలాంటిది? ఇదీ ఆయన ప్రశ్న. అది యథార్థ జ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సంశయం కాదు, సాదృశ్యమూ కాదు. బొమ్మలో గుర్రాన్ని చూసినప్పుడు కలిగే జ్ఞానం లాంటిది అన్నాడు. నాటకం గురించి చెబుతూ ఉదాహరణగా తెచ్చిన గుర్రమే ఇది. అయినా బొమ్మల గురించి నేను చదివినవాటిలో ఇంతకన్నా పదునైన మాట మరొకటి లేదు.

ఆ నాలుగూ ఒక్కొక్కటే పట్టి చూడు. గోడ మీది బొమ్మను చూసి "గుర్రం" అంటాం. అది నిజంగా గుర్రమని నమ్మి అనడం లేదు, నమ్మితే ఎక్కబోతాం. పోనీ భ్రమా అంటే, భ్రమకు ఒక లక్షణం ఉంది. అసలు సంగతి తెలిసిన క్షణంలో అది పోవాలి. తాడని తెలిశాక పాము మిగలదు. ఇది సున్నం గోడేనని మనకు మొదటినుంచీ తెలుసు, అయినా గుర్రం పోదు. గుర్రమా, కాదా అన్న ఊగిసలాట కూడా మనసులో లేదు. ఇక పోలిక. ఈ రంగు మరక గుర్రంలా ఉందే అని ముందు మరకనూ తర్వాత గుర్రాన్నీ పక్కపక్కన పెట్టి లెక్కవేస్తున్నామా? లేదు. చూడగానే గుర్రం కనబడుతుంది. మీ రెండో స్నేహితుడు ఈ నాలుగింట్లో మిథ్య దగ్గర ఆగిపోయాడు. అందుకే బొమ్మను అబద్ధమన్నాడు.

అభినవగుప్తుడు ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. దీపం వస్తువును చూపినట్టు సిందూరం లాంటి రంగులు ఆవును చూపవు, ఆవు అవయవాల అమరికను పోలేటట్టు అవి అమరి ఉంటాయి, అంతే అన్నది ఆయన ఆక్షేపణ. రంగుల వరకు ఇది నూటికి నూరుపాళ్లు నిజం. కుంచె పట్టేవాళ్లు మరచిపోకూడని నిజం కూడా. నువ్వు పెట్టేది రంగును, ఆవును కాదు. కానీ చూసేవాడి వైపునుంచి శంకుకుడు అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ అమరికలో మనం చూస్తున్నది ఏది?

దీనికి జవాబు వెతికినవాళ్లలో జర్మన్ తత్త్వవేత్త ఎడ్మండ్ హుస్సెర్ల్ ఒకడు. 1913లో వచ్చిన తన పుస్తకంలో ఆయన తీసుకున్న ఉదాహరణ ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1513లో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మ. గుర్రం మీద కవచధారి, పక్కన మృత్యువు, వెనక దయ్యం. చిత్రంగా ఇక్కడా గుర్రమే వచ్చింది! ఆయన విడదీసింది మూడు సంగతుల్ని. మొదటిది చేత్తో పట్టుకోగల అచ్చుకాగితం. మూడోది ఆ బొమ్మ ఎవరి గురించో ఆ రక్తమాంసాల యోధుడు. ఈ రెండింటికీ నడుమ ఇంకొకటుంది. కాగితం మీద కనబడే రంగు లేని ఆ చిన్న రౌతు. రౌతు కాగితం కాదు, ఎందుకంటే కాగితం మీద గుర్రమెక్కి ఇరుకైన లోయలో పోతున్నాడు. బయటి మనిషీ కాదు, ఏ మనిషీ అంత చిన్నగా, బూడిదరంగులో ఉండడు. బొమ్మలో వర్చువల్ అనవలసింది ఈ నడిమిదాన్నే. దానికి బరువు లేదు, దాన్ని ముట్టుకోలేం. కాగితం పసుపెక్కుతుంది గాని ఆ గుర్రానికి ఒక్క రోజు వయసు మీదపడదు. అయినా దాన్ని లేదనడానికి లేదు. నీకూ నాకూ ఒకే గుర్రం ఒకే చోట కనబడుతోంది మరి.

గ్రీకు చిత్రకారుడు జ్యూక్సిస్ వేసిన ద్రాక్షపళ్ల మీదికి పిట్టలు ఎగిరొచ్చాయని రోమన్ రచయిత ప్లినీ చెప్పిన కథ మీ మాస్టార్లు చెప్పే ఉంటారు. గొప్ప బొమ్మకు అది గీటురాయి అనుకోవద్దు. ఎగిరొచ్చిన పిట్ట చూసింది పళ్లను. బొమ్మను అది చూడనే లేదు. గోడ అని తెలిసి కూడా అందులో ద్రాక్షగుత్తిని చూడగలవాడికే బొమ్మ దక్కుతుంది. మోసపోయినవాడికి బొమ్మ లేదు, మరకలే కనిపించినవాడికీ లేదు.

హైదరాబాదు వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో వెయిల్డ్ రెబెక్కా ముందు కాసేపు నిలబడు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నాడు. పల్చటి మేలిముసుగు, దాని వెనక ముఖం. కానీ ఆ రాతికి ఉన్నది ఒకటే ఉపరితలం. ముసుగు వెనక అనే చోటు అక్కడ లేనే లేదు. ముడతలు కొన్నిచోట్ల ఉబికి, కొన్నిచోట్ల ముఖానికి అంటుకుని నడుస్తాయి. మిగతా పని మన కన్ను చేస్తుంది. కళ్ల మీది ముసుగులో బట్ట ఎక్కడ అయిపోతుందో, చర్మం ఎక్కడ మొదలవుతుందో వెతుకు. దొరకదు.

ఇక చోటు సంగతి. ఇది నీకు అన్నిటికన్నా అక్కరకొస్తుంది. రోమ్‌లో సాంత్ ఇగ్నాజియో చర్చికి అనుకున్న గోపురం కట్టలేదు. దాని బదులు 1685లో ఆంద్రేయా పొత్సో పెద్ద కాన్వాసు మీద గోపురం లోపలి భాగాన్ని చిత్రించి పైన బిగించాడు. ఆ తర్వాత చర్చి నడిమి కప్పు మీద స్తంభాలు ఆకాశంలోకి లేచిపోతున్నట్టు వేశాడు. కింద నేల మీద పాలరాతి బిళ్ల ఒకటి పొదిగి ఉంటుంది. దాని మీద నిలబడి తలెత్తితే స్తంభాలు నిటారుగా నిలుస్తాయి. పక్కకు జరిగే కొద్దీ అవి వాలిపోతాయి. ఆ చోటంతా ఒక్క మనిషి ఒక్క జాగాలో నిలబడతాడన్న లెక్క మీద కట్టింది.

మన లేపాక్షి వీరభద్రాలయం కప్పు కిందికి వచ్చి చూడు. విజయనగర కాలంలో, పదహారో శతాబ్దంలో వేసిన బొమ్మలు. ఎర్రటి నేపథ్యం మీద పక్కకు తిరిగిన ముఖాలు, నీడలు లేవు, లోతు లేదు. పార్వతి పెళ్లి పట్టీలు పట్టీలుగా సాగుతుంది. ఇక్కడ నిలబడు అని చెప్పే బిళ్ల ఏదీ లేదు. నువ్వు నడవాలి, నీ నడకతో కథ నడుస్తుంది. లోతు లేకపోవడం చేతకానితనమని కొందరు రాశారు. నేనొప్పుకోను. చీరల మీది అంచులూ పువ్వులూ అంత ఓర్పుగా వేసినవాళ్లకు నీడ వెయ్యడం రాక కాదు. వాళ్లు కప్పును తొలిచి అబద్ధపు ఆకాశం పెట్టదలచుకోలేదు. కప్పు కప్పుగానే ఉండి దేవతలకు చోటిచ్చింది. నడిమి సంగతి, ఆ వర్చువల్, రెండు చోట్లా ఉంది. ఒక చోట చూసేవాడు కదలకూడదు, ఒక చోట కదలాలి.

మీ వాళ్ల హెడ్‌సెట్‌ను ఇప్పుడు చూడు. రెండు కళ్లకూ కొద్దిగా తేడాగా ఉన్న రెండు బొమ్మలు చూపితే లోతు పుడుతుందని ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే నిరూపించాడు. హెడ్‌సెట్ దానికి చేర్చింది, తల తిప్పిన ప్రతిసారీ బొమ్మను తిరిగి గీయడం. అంటే పొత్సో పాలరాతి బిళ్లను నీ పాదాలకు కట్టినట్టే, నువ్వెక్కడికి వెళ్తే అదీ అక్కడికే వస్తుంది. బొమ్మకు అంచు కనబడకుండా చేసింది కూడా. గొప్ప పనితనమే, కాదనను. కానీ అంచు పోయిన కొద్దీ, ఇది బొమ్మ అన్న ఎరుక పల్చబడుతుంది. అక్కడ మనం శంకుకుడి గుర్రానికి దూరమై జ్యూక్సిస్ పిట్టకు దగ్గరవుతాం. అందుకే వర్చువల్‌ను అందులోనే వెతకాలన్న మాట నాకు రుచించదు.

ఈ నెల నీకొక పని. అజంతా ఒకటో గుహలో ఒక స్తంభం మీద నాలుగు లేళ్లున్నాయి, నాలుగింటికీ కలిపి ఒకటే తల. మంచి ఫొటో సంపాదించు. తలను ఒక కాగితం మీద గీసుకో. నాలుగు ఒళ్లనూ నాలుగు ట్రేసింగ్ కాగితాల మీద విడివిడిగా దించి, ఒక్కొక్కటే ఆ తలకు ఆనించి చూడు. ప్రతిసారీ లేడి చూపు ఎటు మళ్లిందో, మెడ ఎంత వంగినట్టు అనిపించిందో పక్కనే రాసుకో. తల మీద మాత్రం ఒక్క గీత కూడా మార్చకు. ఆ కాగితాలూ, నువ్వు రాసుకున్నదీ నాకు పంపు.

పెదనాన్న